పన్నెండో స్థానం

2017 ఏప్రిల్ 12న టోక్యోలో విలేకరుల ముందు కూర్చునేనాటికి మావో అసాడాకు 26 ఏళ్లు. ఐదేళ్లప్పుడు మంచు మీద అడుగు పెట్టిన పిల్ల, మూడుసార్లు ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ విజేత, ఇక పోటీలకు రానని చెప్పడానికి వచ్చింది. అడగాల్సినవన్నీ అడిగారు. అందులో ఒక ప్రశ్న ఇది: మళ్ళీ పుడితే మళ్ళీ స్కేటింగే చేస్తారా? ఆమె చెప్పిన మాటల సారం నాకు తెలిసినంతలో చెబుతాను. ఈ వయసు దాకా నేను చేయగలిగిందంతా చేసేశాను, మిగిలిందేమీ లేదు, కాబట్టి ఇంకో జన్మంటూ ఉంటే ఈ దారిన రానేమో అంది. తిండి అంటే ఇష్టం గనక ఏ కేకుల కొట్టో, కాఫీ హోటలో పెట్టుకుని ఉండేదాన్నేమో అని నవ్వుతూ అంది కూడా.

మనవైపు ఈ ప్రశ్నకు జవాబు అందరికీ కంఠతా వచ్చు. నటుడైనా, నాట్యాచార్యుడైనా, మృదంగ విద్వాంసుడైనా, శాలువా భుజాన పడి మైకు చేతికొచ్చాక ఒకటే మాట. మళ్ళీ జన్మంటూ ఉంటే ఈ తల్లి కడుపునే పుట్టాలి, ఈ కళనే సేవించుకోవాలి. నేనూ అన్నాను. గూడూరులో ఒక సన్మానంలో మనసారా అన్నాను, కళ్లనీళ్లు పెట్టుకుని అన్నాను. ఆ మాటలో నాకు ఇప్పటికీ అబద్ధం కనపడదు. అయినా ఆ జపాన్ అమ్మాయి మాట విన్నప్పటినుంచి నాకు నిమ్మళం లేదు. పుట్టుక ఒక బంధమనీ, దాన్ని తెంచుకోవడమే జీవుడి పని అనీ ఊరూరా అరుగుల మీద చెప్పిన మనిషిని నేను. అలాంటి నేను మళ్ళీ పుట్టాలంటున్నాను. ఆమె అక్కర్లేదంటోంది. నేను చెప్పిన శాస్త్రం ప్రకారమే చూస్తే మా ఇద్దరిలో ఒడ్డుకు దగ్గరగా ఉన్నదెవరు?

మాది మనుబోలు. నెల్లూరుకూ గూడూరుకూ మధ్య, హైవే పక్కన. నేను హరికథలు చెప్పుకుని బతికాను. చిన్నప్పుడే కపిలేశ్వరపురం పంపించారు. ఆడపిల్లలకు తిండీ బసా ఇచ్చి హరికథ నేర్పే పాఠశాల అక్కడుంది. గోదావరి నీళ్లు తాగి, ఆదిభట్ల నారాయణదాసు గారి పేరు చెప్పుకుని, చేతిలో చిడతలూ కాళ్లకు గజ్జెలతో మా జిల్లాకు తిరిగొచ్చాను. శ్రీరామనవమి పందిళ్లు, కార్తీక మాసాలు, అమ్మవారి జాతర్లు, గ్రామదేవత కొలుపులు. కథంటే నోటితో చెప్పేది అనుకుంటారు జనం. కాదు, మూడు గంటలు నిలబడి, పాడుతూ, అడుగు వేస్తూ, రాముడూ రావణుడూ ఇద్దరూ తానే అవుతూ చెప్పేది. మోకాళ్ల మీద నడిచే విద్య అది. నా మోకాళ్లు ఇక చాలని ఎప్పుడో చెప్పేశాయి. అందుకే ఆటలో శరీరం అరిగిపోయిన మనిషి ఏం మాట్లాడినా నాకు వినబడుతుంది.

మంచు మా వాళ్లకు తెలియనిదేమీ కాదు. తూర్పుకు పోయేకొద్దీ రొయ్యల గుంటలు. పట్టుబడి రోజున ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు వస్తాయి, వాటిని క్రషర్‌లో వేసి పొడి చేసి, ట్రేలలో ఒక వరస రొయ్య, ఒక వరస ఐసు పరుస్తారు. మంచుతో మాకున్న పని అంతే. దాని మీద ఒంటికాలితో నిలబడి బతుకు వెళ్లదీసేవాళ్లు ఉంటారని నాకు చూపించింది మా మేనకోడలి కూతురు. నెల్లూరులో ఒక కాలనీ పార్కులోని సిమెంటు నేల మీద అది చక్రాల స్కేటింగ్ నేర్చుకుంటోంది. పరుగు పందెం స్కేటింగ్ కాదు, పాటకు ఆడే స్కేటింగ్. సెలవులకు వచ్చినప్పుడు ఫోను నా ఒళ్లో పెట్టి, "అవ్వా, ఈ అక్క చూడు, పడిపోయి మళ్ళా ఎట్లా లేస్తుందో" అంది. అట్లా పరిచయమైంది మావో అసాడా.

దూకుళ్లలో ఆక్సెల్ అని ఒకటుంది. 1882లో ఆక్సెల్ పాల్సెన్ అనే నార్వే మనిషి చేసి చూపించాడు, అతని పేరే మిగిలింది. తక్కిన దూకుళ్లన్నీ వెనక్కి జారుతూ ఎగిరేవి. ఇదొక్కటి ఎదురుగా చూస్తూ ఎగరాలి. దిగేది మాత్రం వీపు వైపుకే. అందువల్ల మూడు చుట్ల ఆక్సెల్ అంటే నిజానికి మూడున్నర చుట్లు. ఎడమ కాలి మీద ఎగురుతుంది, చేతులు గుండెలకు హత్తుకుంటుంది, సెకను కూడా పట్టని కాలంలో మూడున్నర సార్లు తిరిగి, కుడి కాలి మీద దిగుతుంది. దిగడానికి ఉన్న చోటు ఎంత? బ్లేడు మందం నాలుగు మిల్లీమీటర్ల మాట. దాని అడుగున సన్నటి గాడి, గాడికి అటూ ఇటూ రెండు అంచులు. ఆ రెంటిలో బయటి అంచు మీద దిగాలి. ఒంటి బరువుకు ఎన్నో రెట్ల బరువు ఆ అంచు మీద పడుతుంది. వీడియోను నిదానంగా తిప్పి చూస్తే, దిగే క్షణంలో మోకాలు లోపలికి వంగి, ఆ బరువునంతా మింగి, మళ్ళీ పైకి లేస్తుంది. ముఖంలో మాత్రం పాట తప్ప ఏమీ కనపడదు. కథలో హనుమంతుడి లంఘనం ఘట్టానికి ఎగిరి దిగిన నాకు ఆ మోకాలు తెలుసు.

ఆడవాళ్లలో పోటీలో ఆ దూకుడు మొదట నిలిపింది మిడోరి ఇటో, 1988లో. ఆమెది నగోయా. మావోదీ నగోయానే. ఇద్దరికీ చిన్నప్పటి గురువు ఒకరే, మచికో యమదా. గురుపరంపర అంటే మనకే సొంతమనుకుంటాం గానీ, ఒక్క దూకుడు కోసం ఒక ఊళ్లో ఒక గురువు దగ్గర అలాంటి పరంపర నడిచింది.

మావో జీవితాన్ని జాతకం వేసి చూసేవాళ్లయితే పుట్టిన తేదీ దగ్గరే ఆగిపోతారు. 1990 సెప్టెంబరు 25. 2006 ట్యూరిన్ ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే 2005 జూలై 1కి ముందే 15 నిండాలి. 87 రోజులు తక్కువైంది. ఆ చలికాలంలోనే ఆమె టోక్యోలో గ్రాండ్ ప్రి ఫైనల్ గెలిచింది. అప్పటి మేటి ఆటగత్తెలను దాటుకుని గెలిచిన పిల్ల ఒలింపిక్స్‌ను ఇంట్లో కూర్చుని చూసింది. నాలుగేళ్ల తరవాత వాంకూవర్‌లో ఒకే పోటీలో మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు నిలిపింది. అంతకు ముందు ఏ ఆడపిల్లా చేయనిది. అయినా రజతమే. కొరియా అమ్మాయి కిమ్ యునా ఆ రోజు ఇంకా బాగా ఆడింది, స్వర్ణం ఆమెకు న్యాయంగా వెళ్లింది. అక్కడ దేవుణ్ని తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

ఆ తరవాత మావో చేసిన పని చూస్తే నేను చేతులెత్తి దండం పెడతాను. ప్రపంచ విజేతగా ఉన్న మనిషి, నొబువో సాటో అనే పెద్దాయన దగ్గర చేరి, తన దూకుళ్లన్నీ మొదటినుంచి మళ్ళీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒక ఎత్తుకు వచ్చిన విద్వాంసురాలు సరళీ స్వరాలకు తిరిగి వెళ్లడం ఎంత కష్టమో సంగీతం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పాత ఒడుపు పోతుంది, కొత్తది ఇంకా రాదు, మధ్యలో జనం ముందు నిలబడాలి. ఆ ఏడు స్వదేశంలో జరిగిన ఎన్‌హెచ్‌కే ట్రోఫీలో ఆమెది ఎనిమిదో స్థానం. 2011 డిసెంబరులో కెనడాలోని క్విబెక్‌లో గ్రాండ్ ప్రి ఫైనల్‌కు వెళ్లి ఉండగా తల్లి ఆరోగ్యం విషమించిందని కబురు. పోటీ వదిలేసి విమానం ఎక్కింది. ఇల్లు చేరేసరికి తల్లి లేదు. ఆ నెలాఖరులోనే జాతీయ పోటీలకు దిగి గెలిచింది. మాలో అయితే మైల లెక్క చూసుకుంటారు. గుడి మెట్టెక్కకూడదు, గజ్జె కట్టకూడదు. నా తల్లి పోయినప్పుడు ఆ మైల రోజులు నాకు ఊపిరి తీసుకోవడానికి పనికొచ్చాయి. ఒకరికి దుఃఖంలో పని ఆపడం మేలు చేస్తుంది, ఇంకొకరికి పనిలోకి పోవడమే దారి అవుతుంది. ఇందులో ధర్మం ఎటుందని అడిగితే నేను రెండు వైపులా చూస్తాను.

ఇక సోచి. 2014 ఫిబ్రవరి 19న షార్ట్ ప్రోగ్రామ్, షోపాన్ సంగీతం. మొదటి దూకుడే ఆక్సెల్, పడింది. ఆ తరవాత ఒకదాని వెనక ఒకటి చెదిరిపోయాయి. 55.51 మార్కులు, పదహారో స్థానం. పతకం ఆశ ఆ రాత్రే ముగిసింది. మర్నాడు ఫ్రీ స్కేటింగ్. మేటి ఆటగత్తెల వరసకు ఎంతో ముందు, జనం ఇంకా కుదురుకుంటుండగానే ఆమె వంతు వచ్చింది. రఖ్మానినోవ్ పియానో సంగీతం. నిన్న పడిన ఆ ఆక్సెల్‌తోనే మొదలుపెట్టింది. నిలిచింది. ఎనిమిది ట్రిపుల్ దూకుళ్లు, ఆరు రకాలూ. పాట ఆగినప్పుడు పైకి చూసి ఏడ్చింది, తరవాత తల ఆడించి నవ్వింది, వంగి నాలుగు దిక్కులకూ దండం పెట్టింది. 142.71. అప్పటికి ఆమె జీవితంలో అదే అత్యధికం. ఆ రోజు ఆటల్లో మూడో మార్కు. రెండు రోజులూ కలిపితే ఆరో స్థానం.

ఈ ఘట్టం చూపించి గీతను ఎత్తుకునేవాళ్లు నాకు తారసపడ్డారు. మా ఊళ్లో ఒక పంతులుగారు, రిటైరైన మాస్టారు, నేను ఫోనులో చూపించగానే అన్నారు: "చూశావా అమ్మా, ఫలం మీద ఆశ పోయేసరికి పని ఎంత బాగా కుదిరిందో. నిష్కామ కర్మ అంటే ఇదే గదా." వినడానికి ఎంత బాగుందో. నేను ఒప్పుకోలేకపోయాను. ఆశ పోవడం వేరు, ఆశను వదలడం వేరు. దొంగ సంచీ ఎత్తుకుపోతే దానం చేసినట్టా? పతకం ఆమె చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టు పోయింది, ఆమె దాన్ని త్యాగం చేయలేదు. ఇంకో సంగతి. ఫలం మీదే ఆశ ఉండి అది పోయి ఉంటే, ఆక్సెల్ ఎందుకు పెట్టుకోవాలి? తేలిక దూకుడు పెట్టుకుని పరువుగా బయటపడొచ్చు. నిన్న తనను పడేసిన దాన్నే మళ్ళీ పిలిచిందంటే ఆమెలో కోరిక చల్లారలేదన్నమాట. పతకం కన్నా లోతైన కోరిక ఒకటి లోపలుంది. ఆ ఆటను ఒక్కసారైనా తాను ఊహించుకున్నట్టు ఆడాలన్న కోరిక. అది పతకం కన్నా గట్టి బంధం అని నా అనుభవం. సంభావన మీద ఆశ నేను చాలా సులువుగా వదిలాను. ఒక పద్యం అనుకున్నట్టు పలకాలన్న ఆశ ఇంకా నన్ను రాత్రిళ్లు లేపుతుంది.

నెల తిరిగేసరికి జపాన్‌లోనే సైతామాలో ప్రపంచ పోటీలు. అక్కడ స్వర్ణం, మూడోది. కథ చెప్పేవాళ్లు మంగళహారతి పాడేది అక్కడే. తల్లి లేని పిల్ల, అవమానం చవిచూసి, లోకం కంటతడి పెట్టేలా ఆడి, సొంత గడ్డ మీద గెలిచింది. అక్కడ ఆపేసి ఉంటే ఎంత బాగుండేదో అని చాలామంది అన్నారు, ఇప్పటికీ అంటారు. ఆమె ఒక ఏడాది విశ్రాంతి తీసుకుని 2015లో తిరిగి వచ్చింది. వచ్చాక ఆట దిగుతూ పోయింది. మోకాలు సహకరించలేదు, ఆక్సెల్ నిలవలేదు. 2016 చలికాలంలో అమెరికా పోటీలో ఆరు, ఫ్రాన్స్ పోటీలో తొమ్మిది, డిసెంబరులో జపాన్ జాతీయ పోటీల్లో పన్నెండు. ప్రపంచ విజేత సొంత దేశంలో పన్నెండోది. నాలుగు నెలల తరవాత ఆ విలేకరుల సమావేశం, ఆ జవాబు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ పన్నెండో స్థానం దగ్గరుంది. సైతామా తరవాతే ఆగిపోయి ఉంటే ఆ జవాబు ఆమె నోట వచ్చేదా? రాదని నా నమ్మకం. గెలిచి ఆగినవాళ్లకు లోపల ఒకటి మిగిలిపోతుంది: ఇంకొక్కసారి దిగి ఉంటే ఏమయ్యేదో. అది విత్తనం. మన పెద్దలు వాసన అన్నది దాన్నే. కోరిక దక్కితే తీరుతుందనుకుంటాం. దక్కిన కోరిక ఇంకో కోరికకు తల్లి అవుతుందని యయాతి కథ చెబుతుంది, కొడుకు యవ్వనం అరువు తెచ్చుకుని అనుభవించినా అతనికి తీరలేదు. మరి ఎట్లా తీరుతుంది? పూర్తిగా ఖర్చయితే తీరుతుంది. మా హైవే పక్కన చెరుకు రసం బండివాడు గడను ఒకసారి తిప్పి పారేయడు. మడిచి మళ్ళీ పెడతాడు, ఇంకా మడిచి నిమ్మకాయ ముక్క ఇరికించి మళ్ళీ పెడతాడు. చివరి తిప్పుడుకు వచ్చేది రెండు చుక్కలే, కానీ ఆ తరవాత గడలో ఏమీ ఉండదు. 2015 నుంచి 2016 దాకా మావో ఆడింది ఆ చివరి తిప్పుళ్లు. జనం వాటిని పతనం అన్నారు. ఆమె వాటి తరవాతే మిగిలిందేమీ లేదని చెప్పగలిగింది. ఒలింపిక్ స్వర్ణం ఆమెకు ఏనాడూ దక్కలేదు. దక్కకుండానే తీరింది.

భాగవతంలో భరతుడి కథ నేను ఎన్నో పందిళ్లలో చెప్పాను. (అయిదో స్కంధం తెలుగు చేసింది పోతన గారు కారు, గంగన గారు. ఆయన పేరు ఎవరూ తలచరు, అందుకని నేను కథకు ముందు ఆయనకో నమస్కారం పెడతాను.) రాజ్యం వదిలాడు, పిల్లల్ని వదిలాడు, గండకీ తీరాన తపస్సుకు కూర్చున్నాడు. సింహం గర్జనకు బెదిరి ఏరు దూకిన లేడి కడుపులోంచి పిల్ల జారి నీళ్లలో పడింది, తల్లి చచ్చిపోయింది. ఆ లేడిపిల్లను తెచ్చి పెంచాడు. గరిక తినిపించాడు, అది కనపడకపోతే వెతుక్కున్నాడు, చివరికి ప్రాణం పోయేటప్పుడు దాన్నే చూస్తూ పోయి, లేడిగా పుట్టాడు. ఇంతవరకూ అందరికీ తెలుసు. పిట్టకథలు కలిపి దీన్ని సాగదీస్తే పందిరి నవ్వుతుంది, ఆడవాళ్లు అయ్యో అంటారు.

ఎక్కువమంది వదిలేసే భాగం ఆ తరవాతది. లేడిగా పుట్టిన భరతుడికి వెనకటి జన్మ గుర్తుంది. తాను ఎవరో, ఎక్కడ జారాడో తెలుసు. తెలిసినా లేడి శరీరం అక్కడికక్కడ రాలిపోలేదు. తల్లి లేడిని వదిలి, పులహాశ్రమానికి నడిచి వెళ్లి, ఎండుటాకులు తింటూ, ఎవరితోనూ స్నేహం పెట్టుకోకుండా, ఆ జన్మ దానంతటది అయిపోయేదాకా కాచుకున్నాడు. జ్ఞానం వచ్చింది కాబట్టి మిగిలింది మాఫీ అయిపోలేదు. మిగిలినదాన్ని లేడిగానే ఖర్చు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తరవాతి జన్మలోనే ఆయన జడభరతుడు, రాజు పల్లకీ మోస్తూ రాజుకే బోధ చేసిన జ్ఞాని. సోచి రాత్రి మావోకు ఏదో తెలిసింది, ఆ ముఖం చూస్తే నాకు అనుమానం లేదు. తెలిశాక కూడా ఎండుటాకులు తినాల్సిన రోజులు ఉన్నాయి. ఆరు, తొమ్మిది, పన్నెండు.

దీనికి ఎదురు మాట కూడా మన దగ్గరే ఉంది, దాన్ని దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. తిరుమలలో స్వామి ముందున్న గడపను కులశేఖరపడి అంటారు. కులశేఖర ఆళ్వారు రాజు, భక్తుడు. ఆ కొండ మీద పక్షిగానో, కోనేటిలో చేపగానో, పువ్వుగానో, చివరికి నీ గుమ్మంలో మెట్టుగానైనా పడి ఉండే పుట్టుక ఇమ్మని కోరుకున్నవాడు. మోక్షం అడగలేదు. మళ్ళీ పుట్టనివ్వు, ఇక్కడే పుట్టనివ్వు అన్నాడు. ఆ కోరికను మన సంప్రదాయం తప్పనలేదు, గడపకు ఆయన పేరు పెట్టి పూజించింది. మిడోరి ఇటోను చూస్తే నాకు ఈ ఆళ్వారు గుర్తొస్తాడు. 1992లో ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్ రజతం తరవాత తప్పుకుంది. తిరిగి వచ్చింది, మళ్ళీ వెళ్లింది. నలభై దాటాక, 2011లో, జర్మనీలోని ఓబర్స్‌డార్ఫ్‌లో పెద్ద వయసువాళ్ల పోటీలకు వెళ్లి మంచు మీదికి దిగింది. అక్కడ పేరూ డబ్బూ ఏమున్నాయి? ఆ మంచు మీద ఉండాలి, అంతే. ఆమెను మళ్ళీ పుడితే ఏం చేస్తారని అడగనక్కర్లేదు.

ఒకే ఊరు, ఒకే గురువు, ఒకే దూకుడు. ఒకరు జ్ఞాని దారిలో, ఒకరు భక్తుడి దారిలో. ఈ రెంటిలో ఏది గొప్పదని తూకం వేసే పని నాది కాదు. నాకు తేడా ఒక్కచోట కనపడుతుంది. కులశేఖరుడు మళ్ళీ పుడతానన్నది తనకేదో మిగిలిపోయిందని కాదు, స్వామి మిగిలే ఉన్నాడని. సన్మాన సభలో మేమంతా అనే మాట అలాంటిదేనా, లేక తీరని వాసనకు కప్పిన శాలువానా అన్నది ఎవరికి వారు చూసుకోవాలి.

మళ్ళీ పుట్టేది ఎవరు అన్న చిక్కు ఇంకొకటి ఉంది. మన ఆంధ్రదేశంతో పేరు ముడిపడిన నాగార్జునాచార్యుణ్ని జపాన్‌లో రియుజు అంటారు, జోదో షిన్షు వాళ్లు తమ ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడిగా ఆయనను కొలుస్తారు. చేసేవాడు, చేసే పని, దాని ఫలం ఒకదాన్ని వదిలి ఒకటి విడిగా నిలబడేవి కావని ఆయన తర్కించాడు. ఆ లెక్కన కేకుల కొట్టులో కూర్చునే ఆ రాబోయే మనిషికి ఆక్సెల్ పేరు కూడా తెలియదు, తెలియని మనిషి గురించి ఈమె మాట ఇవ్వడంలో అర్థం లేదు అనవచ్చు. నేను అట్లా అనను. రాబోయే జన్మ గురించి మనం చెప్పే ప్రతి మాటా ఈ జన్మ ఖాతా. మిగులు ఎంతుందో అక్కడ బయటపడుతుంది. ఆ అమ్మాయి ఖాతా చూసుకుని సున్నా అని చెప్పింది.

మా పిల్లకు ఇదంతా చెబితే దాని గొడవ వేరు. "అవ్వా, మనకు ఐసు లేదు గదా, ఏం ఖర్చు పెట్టేది?" అంది. ఐసు లేకపోతేనేం, చక్రాల మీదా ఆక్సెల్ ఉంది. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, ఒంటరిగా ఒకటి, అవని పాంచాల్‌తో జంటగా ఒకటి. 2015లో అర్జున అవార్డు ఇచ్చారు. మంగళగిరి అమ్మాయి జెస్సీ రాజ్ మాత్రపుకు ఇదే ఆటలో 2024 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా బాల పురస్కారం వచ్చింది. ఈ ఆట ఒలింపిక్స్‌లో లేదు. ఏ సినిమా హాలులోనూ వీళ్ల పేర్లు ఎవరూ కేకలేయరు. ఫలం ఇంత చిన్నదైన చోట అంత పని చేయడానికి లోపల ఎంత ఉండాలి? నాలుగు చక్రాల బూటు వేసుకుని, సిమెంటు మీద మోచేతులు చెక్కుకుపోయేలా పడి, మళ్ళీ లేచే పిల్లలకు గీత ఎవరూ చెప్పనక్కర్లేదనిపిస్తుంది. వాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే, నేను మా పిల్లకు చెప్పాను: "దిగజారిపోయినా చివరిదాకా ఆడు పాపా. మంచిగా ఉన్నప్పుడే ఆపమని జనం అంటారు, వాళ్లకు చూడ్డానికి బాగుంటుందని అంటారు."

మావో అసాడా 2024 నవంబరులో టోక్యో శివారు తచికావాలో సొంత పేరుతో మంచు రింక్ తెరిచింది. పిల్లలకు నేర్పిస్తోంది. మళ్ళీ పుడితే ఈ దారిన రానన్న మనిషి ఈ జన్మలోనే ఇల్లు కట్టుకున్నట్టు దానిలోనే ఉందేమని పంతులుగారు నన్ను నిలదీశారు. నాకు ఇందులో తిరకాసు కనపడలేదు. తనకోసం అడగాల్సింది మిగలనప్పుడే విద్య పిల్లల చేతికి శుభ్రంగా అందుతుంది. గురువుకు తీరని కోరిక ఉంటే శిష్యుడి భుజం మీద అది బరువై కూర్చుంటుంది. తండ్రులు కొడుకుల చేత తీర్చుకోబోయే కోరికలు మన ఇళ్లలో తక్కువ చూశామా?

ఇక నా మాట. మా పిల్ల అడగనే అడిగింది, "మరి నీ సంగతేంది అవ్వా? మళ్ళా పుడితే?" గూడూరు సభలో చెప్పినంత సులువుగా చెప్పలేకపోయాను. నాలో ఇంకా కథ ఉంది. నిలబడి చెప్పే శక్తి పోయింది, కుర్చీలో కూర్చుని చెబుతున్నాను. కాళ్లకు గజ్జెలు కట్టుకుంటాను, పాదం కదిపినప్పుడు అవి మోగుతాయి. పోయిన కార్తీకంలో ఒక ఊళ్లో కథ సగంలో ఉండగానే జనం లేచి సీరియల్ టైముకు ఇళ్లకు పోయారు, మైకు కుర్రాడు వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. నా వెనక మృదంగం వాయించే ఆయన తల వంచుకున్నాడు. మా అబ్బాయి ఇక మానేయమ్మా, పేరుండగానే ఆపు అంటాడు. వాడి ప్రేమ నాకు తెలుసు. నేను ఆపను. ఇవి నా పన్నెండో స్థానం రోజులు, వీటిని కూడా ఖర్చు పెట్టుకోవాలి. పెట్టుకున్నాక లోపల స్వామి మిగులుతాడో, ఏమీ మిగలదో అప్పుడు తెలుస్తుంది. రెండింటిలో ఏదైనా నాకు సమ్మతమే, సగంలో ఆగడం మాత్రం సమ్మతం కాదు.

శ్రీరామనవమికి పక్క ఊరివాళ్లు వచ్చి సీతాకల్యాణం చెప్పమన్నారు. ఒప్పుకున్నాను. గంటన్నరలో ముగించమన్నారు, ఆ తరవాత పాటల ట్రూపు ఉందట. సరే అన్నాను. మధ్యలో పిట్టకథగా భరతుడి లేడిని పెడుతున్నాను, ఎండుటాకులు తిన్న భాగం వదలకుండా.